గాయం అనే గడి

బాలానగర్‌ల కరెంటు పోయిన మధ్యాహ్నం
దరఖాస్తు నా టేబుల్ మీద పెట్టి
వీరేశం సేటు అన్నడు:
"లెక్కలు నీ దగ్గరనే ఉన్నయి, నువ్వే నింపాలె."

ముప్పై రెండు పేజీలు.
పదకొండో పేజీల ఒక గడి:
దేశీయ పరిశ్రమకు కలిగిన తీవ్ర గాయాన్ని వివరించండి.

తలెత్తి చూసిన.
ప్రెస్సు పక్కన గౌస్ చిచ్చా
మూడున్నర వేళ్ల చేత్తోని గిలాస పట్టుకొని
చాయ్ ఊదుకుంటున్నడు.

ఆ గాయం కాదట.
వకీలు ఫోన్ల నవ్వకుంట చెప్పిండు:
గాయం అంటే అమ్మకం పడిపోవుడు,
గోదాంల సరుకు తుప్పు పట్టుడు,
మూడేండ్ల అంకెలు, టన్నులల్ల, ఏడాదికేడాది.
నెత్తురొస్తే అది వేరే చట్టం,
ఇఎస్ఐ దవాఖాన చూసుకుంటది.

నేను ముందుగాల 'వరద' అని రాసిన.
కొట్టెయ్యమన్నడు.
వరద ముచ్చట మూసీ ఒడ్డున చెప్పుకోండ్రి,
ఢిల్లీల శాతం అడుగుతరు.
ఒక్కసారిగ వచ్చిందా, ఎవరూ అనుకోకుంట వచ్చిందా,
మీ దెబ్బకు అదే కారణమా, వేరేది కాదా,
అన్నిటికీ కాయితం కావాలె.

ఎప్పుడొచ్చిందో నాకు ఎరుకే.
రాణిగంజ్‌ల మా బోల్టు డబ్బా పక్కన
ఇంకో డబ్బా కూసున్న రోజు.
నీలం రంగు. మీద సమజ్ గాని అక్షరాలు.
తూకం అదే, మర అదే,
మెరుపు మాదానికంటె ఒక పిసరు ఎక్కువ.
ధర మాత్రం
మేము కడ్డీ కొనే ధర.

కడ్డీ ధరకే బోల్టు!
అంటే కోసిన చెయ్యి, తల కొట్టిన చెయ్యి,
మర తీసిన నూనె, జింకు పూత, కరెంటు బిల్లు,
డబ్బాలు నింపి మేకు గుచ్చుకుంటే నోట్లె వేలు పెట్టుకునే బాలమణి,
అంతా ఉత్తగనే వచ్చినట్టు.

ఉపాధి అనే గడిల రాసిన:
పోయిన ఉగాదికి పదకొండు మంది ఆడోళ్లు.
బతుకమ్మ నాటికి నలుగురు.
బాలమణి ఇప్పుడు ఫతేనగర్ బ్రిడ్జి కింద
మక్కకంకులు కాలుస్తది.
ఈ చివరి ముక్క గడిల పట్టలే.

జీడిమెట్లల కూలర్లు చేసే మా రాజమౌళి బావ
ఇదే దరఖాస్తు మీద అభ్యంతరం రాస్తున్నడు.
నీలం డబ్బా ఆగితే ఆయన కూలరు ధర పెరుగుతది,
కొనేటోడు పక్క దుకాణం జూస్తడు.
ఆయన దగ్గర గూడ తొమ్మిది మంది ఉన్నరు.
ఆదివారం ఒకే గిన్నెల కూర తిన్నం.
ఉప్పు తక్కువైందని మాత్రం అనుకున్నం.

ఇరవై ఆరో పేజీల అసలు కిటుకు.
సుంకం ఇస్తే కలకాలం ఇయ్యరు,
గొడుగు ఇచ్చి
ఏటా ఒక పుల్ల పీకినట్టు తగ్గించుకుంట పోతరు.
ఆ లోపల మీరెట్ల మారుతరో రాయమంటరు.
సేటు చాలాసేపు ఫ్యాను దిక్కు చూసిండు, తిరగని ఫ్యాను.
"కొత్త మిషన్ రాయి.
గంటకు ఆరు వేలు. ఇద్దరు మనుషులు చాలు."

రాసిన.
గౌస్ చిచ్చా చదువుకోలే.
నేను చదివి చెప్పలే.

కరెంటు రాలే ఇంకా.
చిచ్చా నా టేబుల్ మీది నీలం డబ్బా తెరిచి
ఒక బోల్టు తీసి, వెలుతురుకు పట్టి,
జేబుల నుంచి మా నట్టు తీసి ఎక్కించిండు.
ఎక్కడా ఆగకుంట నున్నగ తిరిగింది,
మొదటి నుంచి తలదాక.

"ఎవడో మంచిగనే చేసిండు బేటీ,"
అని మళ్ల విప్పి, డబ్బాల వేసి,
"ఆనికి వేళ్లన్నీ ఉన్నయో లేవో" అన్నడు.

లైట్లు వచ్చినయి.
ప్రెస్సు మొదటి దెబ్బ కొట్టింది.
నేను పదకొండో పేజీకి తిరిగిపోయి
టన్నులు రాసుడు మొదలుపెట్టిన.